నాలుగు గోడల నడుమ తిరునాళ్ళ



వాణిజ్యసంస్థలు తమ ఉద్యోగులను, వారి కుటుంబములను సంవత్సరమున కొకమారు ఒకచోట చేర్చి, విందు పెట్టి, ఆటపాటలతో ఒక సాయంకాలము గడుపుట మన నగరములలో ఆచారమైనది. హైదరాబాదులోని మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతముల కార్యాలయములు మొదలుకొని విశాఖపట్టణపు కర్మాగారముల వరకు, ఈ వేడుకకు జాతర యనియో, తిరునాళ్ళ యనియో, సంక్రాంతి సంబరములనియో పేరు పెట్టి, ఏసీ ఫంక్షనుహాలు నొకదానిని అద్దెకు తీసికొని, ద్వారమున అరటిబోదెలు నిలిపి, రంగులు వేసిన బండిచక్రమును గోడకు చేరవేసి, వెదురుబుట్టలను చేటలను వ్రేలాడదీసి, పల్లెను లోపలికి కొనివచ్చితిమని నిర్వాహకులు సంతసించుచుందురు. వచ్చినవారు ఆ చక్రముప్రక్కన నిలిచి ఫొటోలు తీయించుకొందురు. పిమ్మట లోపలికి పోయి, వరుసలు తీర్చిన కుర్చీలలో కూర్చుందురు. తెల్లని గుడ్డలు కప్పిన ముందువరుస సోఫాలలో పెద్దలు ఆసీనులగుదురు. జ్యోతిప్రజ్వలనము, స్వాగతవచనములు, శాలువలు, జ్ఞాపికలు, ప్రగతినివేదిక యథావిధిగా నడచును. అరగంట గడచునంతలో పిల్లలు తల్లుల చేతిసంచులలో సెల్‌ఫోనులకై వెదకనారంభింతురు.

ఈ నిరుత్సాహమునకు అలంకారలోపము గాని ధనలోపము గాని కారణమని నేను తలపను. తిరునాళ్ళలోని వస్తువులన్నియు హాలులోనికి వచ్చినవి. తిరునాళ్ళలోని నడక మాత్రము రాలేదు. సభలో జనులు కూర్చుందురు, వినోదము వారి యెదుటికి వచ్చును. తిరునాళ్ళలో వినోదము తన తావున తానుండును. జనులే దానికడకు నడచిపోయి, నచ్చినంతసేపు నిలిచి, నచ్చనిచో ముందునకు సాగుదురు. కనుక ఇట్టి వేడుకను తలపెట్టినవారు వేదిక యెత్తును గూర్చియు, తెరవెడల్పును గూర్చియు ఆలోచించుటకు పూర్వమే, వచ్చినవారి పాదములు ఎటు పోవలెనో నిర్ణయించుకొనవలెనని ఈ ప్రసంగమున మనవి చేయదలచితిని. తక్కిన ఏర్పాటులు చాలవరకు ఆ నిర్ణయమునుండియే పుట్టును.

మహాశివరాత్రినాడు కోటప్పకొండ క్రింద గాని, కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోటలో గాని, విజయదశమి వెళ్ళిన మంగళవారమునాడు విజయనగరపు వీథులలో గాని ఒకపూట తిరిగినవారికి ఈ సంగతి విప్పి చెప్ప నక్కరలేదు. కోటప్పకొండకు గ్రామగ్రామమునుండి, వెదురుతో కట్టి రంగులతో అలంకరించిన మిన్నంటు ప్రభలు కదలివచ్చును. జగ్గన్నతోటకు ఏకాదశరుద్రుల ప్రభలు పచ్చని చేలలో నుండియు, కౌశికానదీజలములలో నుండియు, మనుష్యుల భుజములమీద సాగివచ్చును. విజయనగరమున, పూజారి కొనపై కూర్చుండు పొడవైన మాను, పైడితల్లి సిరిమాను, గుడికిని కోటకును నడుమ మూడుమారులు తిరుగును. ఈ మూడింటను జనసముదాయమంతయు ఎదురుచూచు ఘడియ యొకటి కలదు. కాని ఆ ఘడియ వచ్చులోపల గడచు దినమంతయు ఎవ్వరును ఎవ్వరిని కూర్చుండుమని యడుగరు. జీళ్ళు కొనువారు జీళ్ళు కొందురు. గాజులు వేయించుకొనువారు వేయించుకొందురు. రంగులరాట్నమునకై మారాము చేయు బాలుని తండ్రి యొకవంకకును, పెండ్లిసంబంధము మాటలాడవలసిన బంధువు కనబడినందున తల్లి మరియొకవంకకును లాగబడుదురు.

నెల్లూరిలో స్వర్ణాలచెరువు గట్టున, బారాషహీదు దర్గాకడ మొహర్రము దినములలో జరుగు రొట్టెల పండుగ నా కింకను విశేషముగ తోచును. కోరిక గలవారు రొట్టెను పుచ్చుకొందురు, కోరిక యీడేరినవారు మరల వచ్చి రొట్టె నిత్తురు. ఉద్యోగపు రొట్టె, వివాహపు రొట్టె, సంతానపు రొట్టె, సొంతయింటి రొట్టె యని నీటిలో నిలిచి యొకరినొకరు పిలుచుకొందురు. మతభేదము లేక వేలకొలది జనులు చేరు ఆ చెరువులో చూడవచ్చినవా డనువాడు మిగులడు. ఇచ్చువాడో పుచ్చుకొనువాడో అయి తీరును. సంస్థల వేడుకలు రూపొందించువారు వర్ణచిత్రములను, నమూనాలను తిరుగవేయుటకు బదులు ఆ గట్టుమీద ఒక ప్రాతఃకాలము నిలిచినచో ఎక్కువ నేర్చుకొనగలరని నా నమ్మకము.

అట్లయిన ఆరుబయటనే జరుపరాదా యని యెవరైన అడుగవచ్చును. జరుపగలిగిన వారు జరుపుదురు గాక. కాని వినాయకచవితి మొదలు దసరా వరకు తెలంగాణమున వానను నమ్మ వీలులేదు. ఆశ్వయుజ కార్తికములలో కోస్తాతీరమునకు తుపానుల భయము. వేసవి సంగతి చెప్ప నక్కరలేదు. నగరమున మైదానములు తరిగిపోయినవి. ఉద్యోగులు వృద్ధులైన తలిదండ్రులను, చంటిబిడ్డలను వెంటదెచ్చుకొందురు. వారికి శుభ్రమైన మరుగుదొడ్లును, వీపు ఆన్చుకొనుటకు కుర్చీయును వలయును. కనుక హాలు మన కాలమునకు సహజమైన ఆశ్రయమే. పైగా దానికి తనదైన సుగుణ మొకటి కలదు: కోరినపుడు చీకటి చేయవచ్చును. ధర్మవరమునకు సమీపమునందలి నిమ్మలకుంట కళాకారులు తెల్లని తెరవెనుక దీపము నిలిపి, రంగులద్దిన పారదర్శకములైన తోలుబొమ్మలను ఆడించునపుడు, ఆ రంగులు మెరయుటకు చుట్టును చీకటి కావలెను. నేటి తిరునాళ్ళలో నలువైపుల హాలోజను దీపములు మండుచుండగా ఆ యాట వెలవెలబోవుచున్నది. హాలులో ఒక మూలను నల్లని పరదాలతో వేరుచేసి, ఏబదిమంది క్రింద కూర్చుండుటకు చాపలు పరచి, ముప్పదినిమిషముల ఘట్టమును రాత్రికి నాలుగుమారులు ఆడించినచో, తోలుబొమ్మలకు ఆరుబయట లేని వైభవము ఇచ్చట కలుగును. గంగిరెద్దును మాత్రము లోపలికి తేవలదు. నున్నని గ్రానైటుమీద దాని గిట్టలు జారును. ఇరుకుగోడల నడుమ సన్నాయికిని జనపుకేకలకును అది బెదరును. మూగజీవిని అలంకారవస్తువుగా భావించు ఆలోచనయే నాకు నచ్చదు.

ఇక కొలతలు. హాలు యజమాని “వేయిమంది పట్టుదు”రని చెప్పినపుడు అతడు అబద్ధ మాడుట లేదు. కుర్చీలు వరుసగా వేసినచో పట్టు సంఖ్యను చెప్పుచున్నాడు. నూరడుగుల పొడవు, నూరడుగుల వెడల్పు గల హాలులో 10,000 చదరపుటడుగులు కలవు. అందు అంగళ్ళకును, ఆటలతావులకును, వాని వెనుక సామానులు పెట్టుకొను చోటులకును సుమారు మూడవవంతు పోవును. మిగిలినదానిలో నిలిచి, తిరిగి, పిల్లను ఎత్తుకొని, చేత పళ్ళెముతో ప్రక్కవానికి తగులక నడువవలె ననినచో మనిషికి 15 చదరపుటడుగులకు తక్కువ కాకూడదు. ఆ లెక్కన నాలుగువందల యేబది మందికి మించి పిలువరాదు. వేయిమందిని పిలువదలచిన సంస్థ రెండురెట్లకు మించి పెద్దదియగు హాలునైన వెదుకుకొనవలెను, లేదా మూడు సాయంకాలములుగ విభజించుకొనవలెను. ఖర్చు తగ్గించుటకై ఈ యొక్క లెక్కను తప్పించినవారి వేడుకలో తరువాతి ఏర్పాటు లెంత శ్రేష్ఠములైనను ఫలము కనబడదు.

అంగళ్ళను గోడలవెంట బారుగా నిలుపుట సాధారణపద్ధతి. దానివలన నడుమ ఎడారియును, అంచులలో తొక్కిసలాటయు ఏర్పడును. నాలుగైదు అంగళ్ళను ఒక గుంపుగా వీపులు కలిపి, అట్టి గుంపులను హాలులో దీవులవలె చెదరగొట్టి, నడుమ పదిపండ్రెండడుగుల వీథులు విడిచినచో, ఒక కుటుంబము గాజులకడ నిలిచి బేరమాడుచున్నను ఎదురుగ వచ్చు కుటుంబములు రెండు ఒకదానినొకటి దాటిపోగలవు. ఏ వీథియు గోడకు కొట్టుకొని ఆగిపోరాదు. ప్రతి వీథియు మరియొకదానిలో కలియవలెను. అన్నిటికంటె ఎక్కువమందిని ఆకర్షించుదానిని, అనగా మిరపకాయబజ్జీల అంగడినో, రంగులరాట్నమునో ద్వారమునకు మిక్కిలి దూరమున నుంచవలెను. అపుడు జనులు తక్కినవానిని చూడకుండ దానికడకు చేరజాలరు. ఈ రహస్యము తిరునాళ్ళలో బొమ్మలమ్ముకొనువారి కెల్లరకు తెలియును.

పెద్ద వేదిక అక్కరలేదు. హాలులో ఒకచోట రెండడుగుల యెత్తున నాలుగువైపుల తెరచియున్న అరుగు నొకదానిని కట్టినచో చాలును. యాజమాన్యమువారు ప్రసంగింపవలసినచో, తలుపులు తెరచిన గంటకు, జనులింకను ఆకలి గొనకమునుపు, ఐదు నిమిషములు మాటలాడి, దిగి, అందరితోపాటు నడువవలెను. సోఫాల మాట యెత్తినపుడు పలువురు నిర్వాహకులు చిరునవ్వు నవ్వి ఊరకుందురు. అవి తమ చేతిలో లేవని వారి భావము. కాని జీళ్ళ అంగడికడ మేనేజింగు డైరెక్టరు వరుసలో నిలిచియుండగా, ఆయన ముందు నిలిచిన కాపలాదారుని కూతురు ఏది కొనవలెనో తేల్చుకొనలేక ఆలస్యము చేయు దృశ్యమునకు సాటియగు అనుభవమును ఏ శాలువయు ఆయన కీయలేదు. సోఫాలను వృద్ధులకొరకు, గర్భవతులకొరకు నలుమూలల వేయుడు.

ధ్వనిని గూర్చి కొంత విపులముగ చెప్పవలసియున్నది. డప్పు గాని, డోలుసన్నాయి గాని ఆకాశము క్రింద పుట్టి పెరిగిన వాద్యములు. వాని నాదము నలుదిక్కులకు పరచుకొని మరల తిరిగిరాదు. గోడల నడుమ అది పోవుటకు త్రోవ లేదు. ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును. డప్పరికి 17 మీటర్ల దూరమున నున్న గోడను తాకి తిరిగివచ్చు దెబ్బ సెకనులో పదియవవంతు ఆలస్యముగ అతని చెవిని చేరును. అంతలో అతడు మరియొక దెబ్బ వేసియుండును. ఇట్లు దెబ్బమీద దెబ్బ పడి, లయ చెదరి, బావిలో అరచినట్లు మ్రోత మాత్రము మిగులును. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమునందలి ఫాగ్ మ్యూజియపు ఉపన్యాసశాలలో మాటలు అర్థము కాకపోవుటకు కారణము కనుగొనుమని వాలెస్ సాబిన్ అను యువాధ్యాపకుని నియోగించిరి. ఆయన రాత్రులయందు, పట్టణము సద్దుమణగిన పిమ్మట, ప్రక్కనున్న నాటకశాల కుర్చీలమీది మెత్తలను మోయించి తెచ్చి, ఒక ఆర్గను గొట్టమును మ్రోగించి, ఆ నాద మెంతసేపటికి అణగునో గడియారముతో కొలచుచు, మెత్తలు పెరిగినకొలది నాదము త్వరగా అణగుననియు, శాల ఘనపరిమాణము పెరిగినకొలది ఆలస్యముగ అణగుననియు సూత్రమును నిర్మించెను. మనుష్యదేహములును వస్త్రములును ధ్వనిని త్రాగివేయునని కూడ ఆయన లెక్కగట్టెను. కావుననే మధ్యాహ్నము ఖాళీహాలులో మైకులు సరిచూచుకొన్న సౌండువాని ఏర్పాటు సాయంకాలము జనము నిండినపుడు తారుమారగును.

దీని ఫలితార్థము సులభమే. గోడలకు ఫ్లెక్సీలు కట్టుట మాని మందమైన గుడ్డలు వ్రేలాడదీయవలెను. మన దుప్పట్లు, జంపకానలు, కలంకారీ తెరలు కంటికి ఇంపైనవి, చెవికి మేలైనవి. డప్పుదళమును హాలు మధ్యమున నిలుపక, ద్వారముబయట వసారాలో వాయింపజేసి, ఊరేగింపుగ ఒకమారు లోపలికి తెచ్చి, ఒక చుట్టు త్రిప్పి, మరల బయటకు పంపవలెను. అందువలన మరియొక సౌకర్యమును కలదు. చర్మపుడప్పును వాయించుటకు ముందు మంటకు కాచి బిగువెక్కింతురు. ఆ వేడి తగ్గినకొలది చర్మము సడలును, మరల కాచుకొనుటకు లోపల నిప్పు లేదు. బయట ఒక మూల, తగిన కాపలాతో, కళాకారులకు నిప్పు చూపనిదే వారి విద్య పలుకదు. ఇది తెలియని నిర్వాహకులు ప్లాస్టికుతొడుగు డప్పులు తెమ్మని వారిని నిర్బంధింతురు. అవి కాచ నక్కరలేదు గాని, ఆ చప్పుడులో జాతర లేదు. లోపల ఒకేసమయమున రెండు మైకులు పనిచేయరాదని నియమము పెట్టుకొనవలెను. హరికథకుడు చిడతలు పట్టి పాడునపుడు ప్రక్కవీథిలో హౌసీ అంకెలను మైకులో చదువుట కంటె ఘోరమైన అపచారము నాకు తోచదు. రాత్రి 10 గంటల తరువాత బయట మైకులు వాడరాదని 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నియమములు చెప్పుచున్నవి. మూసిన హాలునకు అందు మినహాయింపు కలదు గాని, వసారాలోని డప్పుల వలన ఇరుగుపొరుగు వారికి నిద్ర చెడకుండ చూచుకొనుట న్యాయము.

అగ్నిని గూర్చి చెప్పునపుడు మాత్రము నేను చమత్కారములకు పోను. 1997వ సంవత్సరము జూను 13వ తేదీన ఢిల్లీలోని ఉపహార్ సినిమాహాలులో నిప్పు క్రిందిభాగమున ట్రాన్సుఫార్మరుకడ పుట్టెను. మరణించిన 59 మందిలో అత్యధికులు మేడమీది బాల్కనీలోనివారు, పొగవలన ఊపిరాడక మరణించినవారు. ఎక్కువ టిక్కెట్లు అమ్ముటకై అదనముగ వేసిన కుర్చీలు అచ్చట నడకదారి నొకదానిని మూసివేసియుండెను. నాలుగు కుర్చీలకు ఆశపడి త్రోవను మూయుట యనునది అటువంటి ఘోరములలో మాత్రమే కనబడు దుర్మార్గము కాదు. ప్రతి ఫంక్షనుహాలులో ప్రతి సాయంకాలము ఎవడో యొకడు చేయుచున్న చిన్నపనియే. అత్యవసరద్వారమునకు అడ్డముగ ఐస్‌క్రీముబండి నిలుపుదురు; ఆ తలుపుమీది పచ్చదీపము శోభకు భంగమని దానిపై బంతిపూలదండ వ్రేలాడదీయుదురు; పిలువనివారు చొరబడుదురని దానికి తాళము వేయుదురు. వేడుకకు రెండుగంటల ముందు నిర్వాహకులలో ఒకరు ప్రతి తలుపుకడకు స్వయముగ నడచిపోయి, తన చేతితో త్రోసి, అది బయటివైపునకు తెరచుకొనుటయు, అవతల మెట్లమీద సామానులు లేకుండుటయు చూచుకొనవలెను. ఈ పనిని ఇతరులకు అప్పగింపవలదు.

పల్లెవాతావరణ మనగానే అలంకరణవారికి పూరిగుడిసె స్ఫురించును. ఎండిన తాటాకు, వరిగడ్డి, గోనెపట్టా, థర్మోకోలు, వానిమీద చుట్టిన చౌకరకపు సీరియలు బల్బులు! 2019 జనవరి 30వ తేదీ రాత్రి హైదరాబాదు నాంపల్లి మైదానములోని నుమాయిష్‌లో నిప్పంటుకొని దుకాణముల బారులు బూడిదయైనవి, ప్రాణనష్టము తప్పినది. ఆ ప్రదర్శన 1938 నుండి ఆ నగరమునకు అలవాటైనది. అచ్చట జనులు పారిపోవుటకు ఆకాశము క్రింద చోటుండెను. హాలులో పొగ పైకప్పును పట్టుకొని క్రిందికి దిగును. అందుచేత ఎండుటాకుల స్థానమున పచ్చికొబ్బరిమట్టలు, మామిడితోరణములు, చెరకుగడలు, అరటిగెలలు వాడుడు. అవి మనకు కొరతగా లేవు, అందమున తక్కువయు కావు. హోమము, సాంబ్రాణిధూపము, కృత్రిమపుపొగలు పైకప్పునందలి పొగసూచికలను మేల్కొలుపును. ఆ సూచికలను ఆ పూటకు ఆపివేయుమని కొందరు హాలువారిని అడుగుదురు. ఆ కోరికను మన్నించు హాలును నేను అద్దెకు తీసికొనను. భోగిమంట వేయవలెనని మిక్కిలి ముచ్చట గలవారు ఎఱ్ఱని కాగితములు, ఫంకాలు, దీపములు పెట్టి దొంగమంట చేయుదురు. దానిచుట్టు చేతులు చాచి చలికాచుకొనుచు ఫొటోలు దిగువారిని చూచి నవ్వు ఆపుకొనుట కష్టము.

వంటవిషయమున కూడ ఈ నిప్పుసమస్యయే పొంచియుండును. గ్యాసుబండలను లోపలికి రానీయరాదు. వేడివేడి దోసెలను ఇండక్షను పొయ్యిమీద పోయవచ్చును. బజ్జీలను వసారాలోనో, హాలు వంటశాలలోనో వేయించి, చిన్నచిన్న వాయలుగ లోపలి అంగడికి చేరవేయవచ్చును. ఆత్రేయపురపు పూతరేకును బోర్లించిన కుండమీద తీయుట పిల్లలకు గొప్ప వింత. దాని క్రింద మంట కావలెను గనుక ఆ వింతను వసారాలోనే చూపవలెను. కరీంనగరపు సకినాలు, కాకినాడ కాజాలు, బందరులడ్డు, ఓరుగల్లు సర్వపిండి, చెరకురసము, మరమరాల ఉండలు, వీనిని వీథులన్నిట చెదరగొట్టినచో బఫే వరుసలో చేత ఖాళీపళ్ళెము పట్టుకొని ముప్పాతికగంట నిలుచు దుర్గతి తప్పును. భోజనము కావలసినవారికి ఒక ప్రక్క విస్తరి వేయుడు.

అన్నియు ఉచితముగ పంచుటకు నేను వ్యతిరేకిని. పిసినారితనమున ఈ మాట చెప్పుట లేదు. తిరునాళ్ళలో బాలునకు గల సుఖములో సగపాలు జేబులోని చిల్లర నెట్లు ఖర్చుపెట్టవలెనో తేల్చుకొనుటలో నుండును. ద్వారముకడ ప్రతి వ్యక్తికిని ఒక గుడ్డసంచిలో ఇరువది అట్టబిళ్ళలు పెట్టి యిచ్చి, రాట్నమునకు మూడు, జీళ్ళకు ఒకటి, కొండపల్లి బొమ్మకు ఎనిమిది యని ధరలు వ్రాసి, బేరమాడుటకు అంగడివానికి అనుమతి నిచ్చినచో, ఇరువదియేండ్ల యువకునికిని అరువదియేండ్ల అత్తగారికిని ఒకే ఉత్సాహము పుట్టును. రాత్రి తుదకు ఏ పెట్టెలో నెన్ని బిళ్ళలు పడినవో లెక్కించినచో రాబోవు సంవత్సరము ఏ యంగడి పెంచవలెనో, ఏది మానవలెనో తెలియవచ్చును. అభిప్రాయసేకరణపత్రములతో ఉద్యోగులను విసిగింప నక్కరలేదు.

ఈవెంటు సంస్థలవారు రాకమునుపు మన కర్మాగారములలో పండుగలు లేవని తలపరాదు. ఆయుధపూజనాడు తిరుగలియంత మరలు మొదలు పెద్ద పెద్ద లేతుమరల వరకు నూనెమరకలు తుడిచి, పసుపుకుంకుమలు పెట్టి, నిమ్మకాయలు కట్టి, ఆ దినమున మాత్రము భార్యాబిడ్డలను లోపలికి తీసికొనివచ్చి “ఇది నా మర” యని చూపించు కార్మికుని ముఖము ఏ నిర్వాహకుడు కల్పింపగలడు? సెప్టెంబరు 17వ తేదీ విశ్వకర్మపూజయు నిట్టిదే. ఆ పండుగలను చేయువారును చూచువారును వేరువేరుగ లేరు. నేటి వేడుకలో ఆ గుణమును కొంతయైన నిలుపుటకు ఉపాయము కలదు. ఒక్కొక్క విభాగమునకు వెదురుబద్దలు, రంగుకాగితములు, గుడ్డపేలికలు ఇచ్చి, ఎనిమిదడుగులకు మించని ప్రభ నొకదానిని మూడువారములలో తామే కట్టుకొనుడని చెప్పవలెను. లెక్కలవారి ప్రభ, గిడ్డంగివారి ప్రభ, కాపలావారి ప్రభ యని పోటీ పడుదురు. నిర్ణీతమైన ఒక ఘడియకు, ఉదాహరణమునకు రాత్రి ఎనిమిదింటికి, దీపములు తగ్గించి, డప్పులతో ఆ ప్రభలన్నియు ద్వారమునుండి వచ్చి వీథులవెంట తిరిగినచో, జనసముదాయమంతయు ఎదురుచూచు క్షణము హాలునకును దక్కును. బహుమతులు ఈయవలదని నా సలహా. పోలిక తెచ్చినచో మరునాడు కార్యాలయములో మూతిముడుపులు మిగులును.

ఆశ్వయుజమాసపు వేడుకయైనచో బతుకమ్మ ఉండనే యున్నది. తంగేడు, గునుగు, బంతి, చేమంతి పూలను ముందునాటి రాత్రియే తెప్పింపవలెను. వానిని తాంబాళములలో పేర్చుట నేర్పువారిని వెదుకుచు దూరము పోవలదు. కార్యాలయము ఊడ్చి తుడుచు స్త్రీలలోనే అది నేర్పువారును, పాట యెత్తుకొనువారును ఉందురు. వలయమున తక్కినవా రందరు వారివెంట చప్పట్లు వేయుదురు. వారికి ఆ దినమున చీపురుపని పెట్టకుండుట, మంచి చీర కట్టుకొని కుటుంబముతో అతిథులవలె రమ్మని ముందుగ వ్రాతపూర్వకముగ పిలుచుట యాజమాన్యపు ధర్మము. వలయమునకు నలుబది అడుగుల అడ్డకొలత గల ఖాళీతావు కావలెను. పూలతడికి గ్రానైటు జారును గనుక క్రింద జంపకానలు పరచి అంచులను గట్టిగ బిగింపవలెను. బియ్యపుపిండిముగ్గు కూడ నున్నని నేలమీద ప్రమాదమే. దానిని వసారాలోని గరుకునేలమీద వేయుడు. బతుకమ్మను ప్లాస్టికుతొట్టిలో ముంచుట కంటె, సమీపమున చెరువు గలచోట పదిమంది స్త్రీలను వాహనమున పంపి సాగనంపుట మర్యాద.

తేదీని నిర్ణయించుటలో ఒక పొరపాటు పదేపదే జరుగుచున్నది. సంక్రాంతి వేడుకను సంక్రాంతివారములోనే జరుపవలె నందురు. ధనుర్మాసమంతయు హరిదాసునకు తన గ్రామవీథులు కలవు. కనుమనాడు కోనసీమ డప్పరికి తన ప్రభవెంట నడచు బాధ్యత కలదు. ఉద్యోగులలో సగముమంది పండుగకు స్వగ్రామములకు బస్సులు పట్టుకొని పోయియుందురు. డబ్బు ఎక్కువిచ్చి కళాకారుని వాని యూరి పండుగనుండి పెరికి తెచ్చుట నాకు సమ్మతము కాదు. ధనుర్మాసము రాకమునుపో, రథసప్తమి వెళ్ళిన పిదపనో జరిపినచో హాలు అద్దె తగ్గును, కళాకారులు తీరికగ వత్తురు, ఎవరి పండుగయు చెడదు.

కళాకారుల విషయమున సంస్థల లెక్కలవిభాగమువారికి ఒక మాట. తోలుబొమ్మలాటగానికిని, ఒగ్గుకథకునికిని జీఎస్టీ సంఖ్య యుండదు. సరఫరాదారుగ నమోదు చేసికొని, బిల్లు సమర్పించి, అరువది దినములు వేచియుండుమనిన, నాటికి వాడు నాలుగు జిల్లాల అవతల నుండును. నమోదు వ్రాతకోతలన్నియు ముందే ముగించి, ఒప్పుకొన్న సొమ్మును ఆట ముగిసిన రాత్రియే, దారిఖర్చులు కలిపి, దళనాయకుని చేతికి గాని ఖాతాకు గాని చేర్చవలెను. వారికి వస్త్రములు మార్చుకొనుటకు తలుపు గల గది, ఆటకు ముందే భోజనము, రాత్రి పండుకొనుటకు చోటు చూపవలెను. వంటవారు పాత్రలు కడుగుచోట ఒక మూల కూర్చుండబెట్టి మిగిలినది వడ్డించు పద్ధతి పనికిరాదు. ఇక వేడుక నుండి ఇంటికి పోవు ఉద్యోగులకు బస్సులు పదిన్నరకు కాక, తొమ్మిదికొకటి, పదికొకటి, పదకొండుకొకటిగ మూడువిడతలు నడుపుడు. చంటిబిడ్డల తల్లులు మొదటిదానిలో పోవుదురు, ప్రభలు మోసిన యువకులు కడపటిదానిలో ఎక్కుదురు. అరటిబోదెలను, పూలను, కొబ్బరిమట్టలను చెత్తబండిలో వేయక ముందే మాటలాడుకొన్న గోశాలకో, ఎరువుగుంతకో ఉదయము ఆరింటికి తరలించినచో హాలువాడు మీ జామీను సొమ్ములో కోత పెట్టడు.